సముద్రంలో మునిగిన దీవి, అక్కడి భాషల తగవు



పోయిన సమావేశంలో ఒక మాట లేచింది. సంఘం గుమ్మం లోపల తెలుగు తప్ప ఇంకో భాష వినబడకూడదు, పిల్లలు తమిళంలో మాట్లాడితే పది రూపాయల జరిమానా వేయాలి అని. చెప్పినవారి బాధ మాకు తెలుసు. తమిళనాట 2006లో చేసిన చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మన హోసూరు ఇళ్లలో తెలుగు గలగలా మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం చదవడం రాదు. అందుకే ఆ రోజు మేము ఔననలేదు, కాదనలేదు. జవాబు ఆలోచిస్తుంటే ఎప్పుడో చదివిన ఒక దేశం చరిత్ర గుర్తొచ్చింది. ఈసారికి నాయక రాజుల కథలు పక్కన పెట్టి దాన్నే రాస్తున్నాం.

ఆ దేశం పేరు నూమెనోర్. ఏ పటంలోనూ లేదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భాషలు బోధించిన టోల్కీన్ కల్పించిన లోకంలోది. 1954, 55ల్లో వచ్చిన ఆయన 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలుగా మన పిల్లలకూ తెలుసు. ఆ కథకు మూడు వేల ఏళ్ల ముందు మునిగిపోయిన దీవి ఇది. దీని చరిత్ర చాలావరకు ఆయన పోయాక కొడుకు క్రిస్టఫర్ అచ్చు వేయించిన పుస్తకాల్లో ఉంది. టోల్కీన్ ముందు భాషలు కల్పించి, వాటిని మాట్లాడే జనం కోసం కథలు అల్లిన మనిషి. కాబట్టి ఆయన లోకంలో భాష తగవు వచ్చిందంటే అది ఊరికే రాసింది కాదు.

ఆ లోకంలో ఎల్ఫులని చావు లేని జాతి ఒకటి ఉంది. వాళ్ల పక్షాన యుద్ధం చేసిన మనుషులకు దేవతలు సముద్రం మధ్య ఒక దీవిని ఇచ్చారు. ఆయుష్షూ పెంచారు. ఒక్కటే షరతు: పడమర వైపు తమ తీరం కనబడనంత దూరం ఓడ నడపకూడదు. అటు చావులేనివాళ్ల భూములున్నాయి. మిగతా సముద్రమంతా వాళ్లదే. రెండో యుగం 600లో వాళ్ల ఓడ మొదటిసారి తూర్పున ఉన్న పాత ఖండానికి తిరిగి వెళ్లింది. అక్కడి పేదజనానికి పంటలు పండించడం, రాయి చెక్కడం నేర్పారు. మొదట్లో వాళ్లు ఇచ్చేవాళ్లు. 1800 వచ్చేసరికి అదే తీరాల్లో కోటలు కట్టుకుని కప్పం అడిగేవాళ్లయ్యారు.

ఆ దీవిలో జనం మాట్లాడుకునే సొంత భాష అదూనాయిక్. దాని పక్కనే ఎల్ఫుల భాషలు రెండు ఉండేవి. పెద్దింటివాళ్లు సిందారిన్ మాట్లాడేవారు, రాజులు క్వెన్యాలో పేర్లు పెట్టుకునేవారు. శతాబ్దాలపాటు ఇవేవీ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

2899లో గద్దెనెక్కిన రాజు అదూనాయిక్‌లో పేరు పెట్టుకున్నాడు, ఆర్-అదూనఖోర్ అని. అలా పెట్టుకున్న మొదటి రాజు ఆయనే. ఇక్కడిదాకా వింటే మనకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. రాజు మాతృభాషలో పేరు పెట్టుకున్నాడు, తప్పేముంది? తప్పు ఆ తర్వాతి పనిలో ఉంది. ఎల్ఫుల భాషలు ఎవరూ మాట్లాడకూడదన్నాడు. అది సొంత భాష మీద ప్రేమతో చేసిన పని కాదు. ఎల్ఫులకు చావు లేదు, మాకెందుకుంది అనే కడుపుమంటతో చేసింది. తమాషా ఏమిటంటే, రాజుల పట్టికలో మాత్రం ఆయన పేరు క్వెన్యాలోనే, హెరునూమెన్ అని రాయించారు. పాత ఆచారం తప్పితే కీడు జరుగుతుందని ఆ రాజుకే భయం!

నిషేధించినంత మాత్రాన భాష పోలేదు. నమ్మకస్తులనే వర్గం దాన్ని గుట్టుగా నిలబెట్టుకుంది. తర్వాత వచ్చిన గిమిల్జోర్ ఇంకా కఠినంగా ఉన్నాడు. వాళ్లను పడమటి ఊళ్ల నుంచి లేపి తూర్పు రేవు రోమెన్నా దగ్గర పెట్టించాడు. ఆయన కొడుకు పలాంతీర్ తండ్రి తప్పు దిద్దాలనుకుని మళ్లీ క్వెన్యా పేరు పెట్టుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. ఆ కడుపుమంటే చివరి రాజు ఫరజోన్‌ను సౌరాన్ అనే మాయావి మాట వినేలా చేసింది. చావులేనితనం లాక్కొద్దామని మహా నౌకాసైన్యంతో, వద్దన్న పడమర దిక్కుకే వెళ్లాడు. 3319లో దీవి దీవంతా సముద్రంలో కలిసింది.

బయటపడినవి తొమ్మిది ఓడలు. ఎలెండిల్, ఆయన ఇద్దరు కొడుకులు నడిపినవి. వాటిలో నమ్మకస్తులున్నారు, పాత తెల్లచెట్టు మొలక ఉంది. ఆ మరుసటి ఏడు ఖండంలో రెండు రాజ్యాలు స్థాపించుకున్నారు.

మరి రాజులు అంతగా వెనకేసుకొచ్చిన అదూనాయిక్ ఏమైంది? దీవితో మునగలేదు. అంతకుముందే పెలార్గిర్ లాంటి రేవుల్లో స్థానికుల మాటలతో కలిసింది. వలస వచ్చినవాళ్లు దానికి ఎల్ఫుల మాటలూ చేర్చారు. ఆ కలగలుపు భాషే తర్వాత ఆ ఖండంలో నలుగురూ మాట్లాడే భాష అయింది. రాజు కాపలా కాసిన చోట పోయింది, రేవులో నలుగురి నోళ్లలో పడ్డ చోట బతికింది.

ఇది మన కథ కూడా. మన తెలుగులో కన్నడం, తమిళం మాటలు దొర్లుతాయని విజయవాడ చుట్టాలు నవ్వుతారు. నవ్వనీయండి. ఇన్ని తరాలు తెలుగు మన ఇళ్లలో నిలిచింది ఇరుగుపొరుగు భాషను తిట్టి కాదు, దాని పక్కన కూర్చుని. ఆ పిల్లలకు తమిళం బడి భాష, స్నేహితుల భాష, రేపు ఉద్యోగం ఇచ్చే భాష. దానికి జరిమానా వేస్తే వాళ్లు తమిళం మానరు, సంఘానికి రావడం మానేస్తారు.

నూమెనోర్ రాజుకూ మనకూ ఒక తేడా ఉంది, అదీ ఒప్పుకోవాలి. ఆయన చేతిలో అధికారం ఉంది. మన చేతిలో ఉన్నది ఒక హాలు, నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల. అధికారం లేనివాళ్లం నిషేధాలు పెట్టడం కన్నా నేర్పించడం మేలు.

అందుకని వచ్చే సమావేశంలో మేము చెప్పబోయేది ఇది. జరిమానా వద్దు. ఆదివారం గంటసేపు పిల్లలకు అక్షరాలు దిద్దిద్దాం. 'అ'కు ఎదురుగా తమిళ 'అ' కూడా రాద్దాం, తెలిసిన అక్షరం పట్టుకుని తెలియనిదాన్ని నేర్చుకుంటారు. మొదటి ఆదివారం నల్లబల్ల ముందు మేమే నిలబడతాం. మీ ఇంట్లో అయిదేళ్లు దాటిన పిల్లలుంటే పంపండి.