జింగ్‌దెజెన్ టీ కప్పులు: ఒక వంశవృత్తి చరిత్ర

చైనా ఆగ్నేయాన, జియాంగ్సీ ప్రావిన్సులో చాంగ్ నది ఒడ్డున ఉన్న జింగ్‌దెజెన్ పింగాణీకి లోకమంతటా పేరుపడ్డ పట్టణం. ఇక్కడ చేత్తో టీ కప్పులు చేసే విద్య తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి అందుతూ వచ్చింది. అయితే పాతకాలంలో ఒక కప్పును మొదటి నుంచి చివరిదాకా ఒకే కుటుంబం చేయడం సాధారణంగా ఉండేది కాదు. సారె తిప్పడం ఒక ఇంటి విద్య, చెక్కడం మరో ఇంటిది, బొమ్మ గీయడం, ఆవం కాల్చడం ఇంకొందరివి. ఇన్ని ఇళ్ల నైపుణ్యం కలిస్తేనే ఒక కప్పు తయారయ్యేది.

తేయాకు, తెల్లమన్ను

జింగ్‌దెజెన్ చరిత్ర ఫూలియాంగ్ తాలూకాతో ముడిపడి ఉంది. థాంగ్ రాజుల కాలానికే ఫూలియాంగ్ పెద్ద తేయాకు సంత. కవి బై జ్యూయీ తన ప్రసిద్ధ కావ్యంలో అక్కడికి తేయాకు కొనడానికి వెళ్లిన వర్తకుణ్ణి ప్రస్తావించాడు. ఆకు పండిన కొండల్లోనే పింగాణీ రాయి, తెల్లమన్ను దొరికాయి. కేయోలిన్ అనే పేరు ఇక్కడి గావోలింగ్ గ్రామం నుంచే ప్రపంచానికి చేరింది. సోంగ్ చక్రవర్తి జెన్‌జోంగ్ 1004లో ప్రారంభించిన ‘జింగ్‌దె’ శకం పేరే ఊరికి నిలిచింది.

టీ తాగే పద్ధతి మారినప్పుడల్లా కప్పు కూడా మారింది. 8వ శతాబ్దంలో టీ గ్రంథం రాసిన లూ యూ, యుయే ప్రాంతపు ఆకుపచ్చ గిన్నెలను మెచ్చుకున్నాడు. సోంగ్ కాలంలో టీ పొడిని నీళ్లలో చిలికి నురగ తీసేవారు. ఆ తెల్లని నురగ బాగా కనబడాలని ఫూజియాన్ నల్ల గిన్నెలను కోరుకున్నారు. 1391లో మింగ్ వంశ స్థాపకుడు హోంగ్‌వూ అచ్చు టీ బిళ్లలను కప్పంగా పంపడం మాన్పించి, విడి ఆకునే పంపమన్నాడు. వేణ్ణీళ్లలో నానిన ఆకు రంగు తెలియాలంటే తెల్లని కప్పే కావాలి. జింగ్‌దెజెన్ పలుచని తెల్ల కప్పులకు గిరాకీ అలా పెరిగింది.

రాజు లెక్కలో చేతివృత్తి

యువాన్ పాలకులు 1278లో ఫూలియాంగ్‌లో పింగాణీ కార్యాలయం పెట్టారు. చేతివృత్తుల కుటుంబాలను వేరే పట్టీలో రాసుకున్నారు. ఆ పట్టీకెక్కిన ఇంటి కొడుకు తండ్రి పనే చేయాలి. మింగ్ కాలంలో వంతులవారీగా రాజు ఆవంలో ఊడిగం చేయాల్సి వచ్చేది. 1562 నుంచి వంతుకు బదులు వెండి చెల్లించే ఏర్పాటు వచ్చింది. చింగ్ ప్రభుత్వం 1645లో ఆ పట్టీనే ఎత్తేసింది.

ఈ వెట్టి ఎంత బరువైనదో తోంగ్ బిన్ కథ చెబుతుంది. 1599లో రాజోద్యోగి పాన్ షియాంగ్ పెద్ద పెద్ద జాడీలు కావాలని పనివాళ్లను హింసించగా, ఆవం కాల్చే తోంగ్ బిన్ మంటల్లో దూకి ప్రాణం విడిచాడని, ఆ తర్వాత జాడీలు చక్కగా కాలాయని స్థానికుల నమ్మకం. అతణ్ణి నిప్పుకూ గాలికీ అధిదేవతగా కొలిచారు.

అదే కాలంలో కుమ్మరి వంశానికి చెందిన హావో షిజియు సొంత పేరుతో కీర్తి పొందాడు. గుడ్డు లోపలి పొరంత పలుచని అతని కప్పుల గురించి ఆనాటి పండితులు రాశారు. పనివాడి పేరు అరుదుగా నిలిచే వృత్తిలో ఇది గొప్ప గౌరవం.

కప్పు పుట్టే తీరు

పింగాణీ రాతిపొడికి కేయోలిన్ కలిపి, నానబెట్టి, వడగట్టి, పిసికి ముద్ద చేస్తారు. ఒకరు సారె మీద కప్పును మందంగా లేపుతారు. కాస్త ఆరాక మరొకరు దాన్ని అచ్చుమీద బోర్లించి, తట్టి ఆకారం సరిచేస్తారు. తర్వాత చెక్కేవాడు ఇనుప కత్తులతో గోడను పలుచన చేస్తాడు. వేలితో మీటి, ఆ చప్పుడును బట్టి ఇంకెంత మందం ఉందో పోల్చుకుంటాడు. పట్టుకోవడానికి వీలుగా అడుగున మట్టి పిడిని వదిలేస్తారు. బొమ్మ వేసి, మెరుగుపూతలో ముంచాకే ఆ పిడిని కోసి, పీఠం తొలిచి, ముద్ర రాస్తారు. మట్టి పెట్టెల్లో అమర్చి, పైన్ కట్టెల మంటతో సుమారు 1,300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పచ్చి కప్పు పది కొలతలుంటే కాలాక ఏడెనిమిదే మిగులుతుందని రాజు ఆవం అధికారి తాంగ్ యింగ్ రాశాడు. అందుకే చేసేవాడు ఆ కుదింపును ముందే లెక్కవేసుకోవాలి.

ఒక్క కప్పు 72 చేతులు మారుతుందని పండితుడు సోంగ్ యింగ్‌శింగ్ 1637లో రాశాడు. ఫ్రెంచి మతగురువు డంత్రెకోల్ 1712, 1722 నాటి లేఖల్లో ఈ పనివిభజననే ఐరోపాకు వివరించాడు. గీత గీసేవారు గీత మాత్రమే, రంగు నింపేవారు రంగు మాత్రమే నేర్చుకుంటారని 1743లో తాంగ్ యింగ్ తన ఇరవై చిత్రాల వివరణలో చెప్పాడు. దానివల్ల చేయి నిలకడగా ఉంటుందన్నది అతని వాదన. ఏ పని ఎవరిదన్నది ఊళ్లను, బంధుత్వాలను బట్టి కూడా నడిచేది. దూచాంగ్ తాలూకా నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ పరిశ్రమలో పెద్ద పట్టుండేది. శిష్యులను చేర్చుకోవడంలో వృత్తి సంఘాల కట్టుబాట్లు గట్టిగా ఉండేవి.

ఆధునిక కాలం

20వ శతాబ్దంలోనూ రక్తసంబంధమే చాలామందికి బడి అయింది. పేరుమోసిన చిత్రకారుడు వాంగ్ షీలియాంగ్ తన చిన్నాన్న వాంగ్ దాఫాన్ దగ్గరే పని నేర్చుకున్నాడు. 1950ల నుంచి ఇంటి పనిశాలలు ప్రభుత్వ కర్మాగారాల్లో కలిసిపోయాయి. 1990లలో అవి మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయిన కార్మికులు ఎందరో మళ్లీ ఇళ్లలోనే సారెలు పెట్టుకున్నారు. జింగ్‌దెజెన్ చేతిపని పింగాణీ విద్య 2006లో చైనా జాతీయ అమూర్త వారసత్వ జాబితాకెక్కింది. 2014లో యునెస్కో ఈ పట్టణాన్ని సృజనాత్మక నగరాల్లో చేర్చుకుంది. అదే ఏడాది, మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా కాలంలో ఇక్కడ మద్యం కోసం చేసిన కోళ్ల బొమ్మల చిన్న కప్పు హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. కొన్న లియూ యిచియాన్ అందులో టీ తాగి వార్తలకెక్కాడు.

ఇప్పుడు ఒకే ఇంట్లో భార్యాభర్తలు సారె నుంచి బొమ్మ వరకూ అన్నీ చేసుకోవడం కద్దు. పాతకాలంలో మగవారికే పరిమితమైన సారె ముందు నేడు ఆడవాళ్లూ కూర్చుంటున్నారు. దూరప్రాంతాల విద్యార్థులు వచ్చి శిష్యరికం చేస్తున్నారు. గ్యాసు, కరెంటు బట్టీలు కట్టెల పనిని తగ్గించాయి గానీ, చప్పుడు విని మందం తేల్చే చెక్కుడు విద్యకు ఏ యంత్రమూ సాటి రాలేదు. దాన్ని పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిందే. ఈ వంశవృత్తి ఇంకా బతికి ఉండడానికి మూలం అలా ఓపికగా నేర్పేవారు, నేర్చుకునేవారు ఉండడమే.