ఒక రక్తపరీక్ష వెల - పదిహేడేళ్ల కథ



నెల మొదటి వారంలో పెన్షను అందుకొని, రెండో వారంలో ల్యాబు బిల్లు చూసి కళ్లజోడు సవరించుకోవడం మనలో చాలామందికి అనుభవమే. "ఇంత ఎందుకయ్యా?" అంటే "మిషను ఖరీదు సార్" అంటారు. పరీక్ష వెలను నిర్ణయించేది నిజంగా మిషనేనా? ఈ ప్రశ్నకు అమెరికాలో జరిగిన ఒక జన్యు పరీక్ష చరిత్ర చక్కని సమాధానం చెబుతుంది. మన కూతుళ్ల, మనవరాళ్ల ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం గనుక ఈ ప్రత్యేక సంచికలో దానిని మనవి చేస్తున్నాను.

కొన్ని కుటుంబాలలో తల్లికి, పిన్నికి, కూతురికి వరుసగా రొమ్ము క్యాన్సరు రావడం వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం అందుకు కారణమైన జన్యువు 17వ క్రోమోజోముపై ఉన్నదని చూపించింది. 1994లో యూటా రాష్ట్రంలో మార్క్ స్కోల్నిక్ బృందం ఆ జన్యువును గుర్తించింది. దాని పేరు బి.ఆర్.సి.ఎ.-1. మరుసటి ఏడాది బ్రిటిష్ శాస్త్రజ్ఞులు రెండవదాన్ని, అంటే బి.ఆర్.సి.ఎ.-2ను ప్రకటించారు. ఈ జన్యువులు అందరిలోనూ ఉంటాయి. వాటిలో లోపమున్న స్త్రీలలో నూటికి అరవై మందికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సరు వస్తుంది. సాధారణంగా అమెరికా స్త్రీలలో ఆ సంఖ్య 13 మాత్రమే. ఈ లోపం తల్లి నుంచే కాదు, తండ్రి నుంచి కూడా సంక్రమిస్తుంది. బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

స్కోల్నిక్ భాగస్వామిగా ఉన్న మిరియడ్ జెనెటిక్స్ అనే సంస్థ ఈ జన్యువులపై పేటెంట్లు సంపాదించి, 1996లో పరీక్షను మార్కెట్టులోకి తెచ్చింది. మొదట్లో పూర్తి పరీక్ష వెల సుమారు 2,400 డాలర్లు. అదే పరీక్ష చేస్తున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ల్యాబు వంటివాటికి ఆపివేయమని హెచ్చరిక లేఖలు వెళ్లాయి. దాంతో అమెరికాలో ఆ పరీక్షకు ఒకే దుకాణం మిగిలింది. మరో దుకాణం లేని చోట బీమా కంపెనీకైనా బేరమాడే వీలెక్కడిది? కుటుంబ చరిత్ర సరిపోయిన వారికి చాలా బీమా సంస్థలు చెల్లించేవి. బీమా లేనివారు మొత్తం సొంత జేబులోంచి పెట్టుకోవాలి. బీమా ఉన్నా కష్టమే. రొమ్ము క్యాన్సరు బాధితురాలు ఒకరికి ప్రభుత్వ బీమా ఉన్నప్పటికీ, ఆ బీమాను సంస్థ అంగీకరించక పరీక్ష ఆగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నమాట.

ఇంకొక సంగతి. 2006లో కింగ్ బృందం 300 కుటుంబాలను పరిశీలించింది. క్యాన్సరు ఎక్కువగా ఉన్న కుటుంబాలే అవి, కాని వారికి మార్కెట్టులోని పరీక్షలో లోపం లేదనే ఫలితం వచ్చింది. వారిలో నూటికి 12 కుటుంబాలలో ఆ పరీక్షకు అందని పెద్ద మార్పులు ఈ రెండు జన్యువులలోనే ఉన్నట్లు తేలింది. అటువంటి మార్పులను పట్టే అదనపు పరీక్షను సంస్థ ఆ ఏడాదే తెచ్చింది గాని, చాలామందికి దాని రుసుము విడిగా కొన్ని వందల డాలర్లు. "నీకు భయం లేదు" అన్న మాట నమ్మి ఇంటికి వెళ్లిన తల్లి పరిస్థితి ఆలోచించండి. మరొక ల్యాబులో సరిచూసుకుందామన్నా దారి లేదు.

ఆ కాలంలోనే విచిత్రమొకటి జరిగింది. 2001లో ఒక మనిషి జన్యు సంపుటి మొత్తం చదవడానికి సుమారు పది కోట్ల డాలర్లు అయ్యేది. 2013 నాటికి అది కొన్ని వేల డాలర్లకు దిగివచ్చింది. కాని రెండే రెండు జన్యువుల పరీక్ష వెల దిగకపోగా మూడు వేలు దాటింది. 2013 మే నెలలో నటి ఏంజెలీనా జోలీ తన అనుభవాన్ని పత్రికలో రాస్తూ ఈ ధర ఎందరో స్త్రీలకు అడ్డంకిగా ఉందని చెప్పింది.

అంతకుముందే, 2009లో, వైద్యులు, శాస్త్రజ్ఞులు, రోగులు కలసి కోర్టుకెక్కారు. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు: ప్రకృతి ఇచ్చిన జన్యువును శరీరం నుంచి వేరుచేసినంత మాత్రాన అది ఎవరి సొత్తూ కాదు. ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ప్రతికి మాత్రం పేటెంటు ఉండవచ్చు. అదే రోజు వేరొక సంస్థ 995 డాలర్లకే పరీక్ష చేస్తామని ప్రకటించింది. 2015లో ఇంకొకటి 249 డాలర్లకు తెచ్చింది. తీర్పు వెలువడిన మర్నాడు మిషన్లేమీ మారలేదు, మారింది హక్కు ఒక్కటే.

వెల దిగినా భయం పూర్తిగా దిగలేదు. ఫలితం తెలిస్తే బీమా పోతుందేమోనని అమెరికాలో కొందరు సొంత డబ్బుతో రహస్యంగా పరీక్ష చేయించుకునేవారు. ఆరోగ్య బీమా విషయంలో అటువంటి వివక్షను 2008 నాటి చట్టం నిషేధించింది గాని, జీవిత బీమాకు అది వర్తించదు.

ఇక మన సంగతి. హైదరాబాదులో ప్రధాన కార్యాలయమున్న బీమా నియంత్రణ సంస్థ 2018 మార్చిలో ఒక ఆదేశమిచ్చింది. ఆరోగ్య బీమా కంపెనీలు కొత్త పాలసీలలో జన్యు వ్యాధులను మినహాయింపుగా పెట్టరాదనీ, ఆ కారణంతో ఉన్న పాలసీల క్లెయిములను తిరస్కరించరాదనీ దాని సారాంశం. అయితే వ్యాధికి చికిత్స వేరు, ముందుజాగ్రత్త పరీక్ష వేరు. రెండవదాని ఖర్చు పాలసీలో ఉన్నదో లేదో చిన్న అక్షరాలతో సహా చదివి చూసుకోవాలి.

చివరగా ఒక విన్నపం. ఏ కుటుంబంలో ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో పిల్లలకు చెప్పగలవాళ్లం మనమే. మేనత్తకు వచ్చిన జబ్బును కూడా మరువకుండా ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఈ పరీక్ష ఎవరికి అవసరమో డాక్టరు మొదట తేల్చేది ఆ కాగితాన్ని బట్టే. దానికి మాత్రం పైసా ఖర్చు లేదు.