గేజి బద్ద నుంచి సెల్‌ఫోన్ తెర దాకా

1986 ఆగస్టు. అప్పుడు మా బ్యాచ్ పదో తరగతి. గోదావరికి మేమెన్నడూ చూడనంత వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దాటింది. పెద్దవాళ్ళు వలంధర రేవుకి వెళ్ళి నీళ్ళు ఎన్ని మెట్లు ఎక్కాయో చూసొచ్చేవారు. ఇంట్లో రేడియో, మర్నాడు పేపరు. ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న: "ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుందిట?"

ముప్ఫై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేశాక గానీ ఆ ప్రశ్న విలువ నాకు తెలిసిరాలేదు.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్ళు పంచాలంటే ముందు కొలవాలి. లాకుల గోడల మీద అడుగులు, అంగుళాలు గీసిన గేజి బద్దలే మన డెల్టాలో సమాచారాన్ని కంటికి చూపించిన తొలి బొమ్మలని నా అభిప్రాయం. అక్కడ నీరే ముల్లు. చదువు రానివాడు కూడా నిన్నటి గీతకీ ఇవాళ్టి గీతకీ తేడా చెప్పగలడు.

అచ్చు కాగితం బలం ఏమిటో ఫ్లారెన్స్ నైటింగేల్ చూపించింది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో రంగుల చక్రం గీసి ప్రభుత్వానికి చెప్పింది. తర్వాతి కాలంలో కాటన్ దొరలాగే మన దేశంలో నీటిపారుదల కావాలని వాదించింది కూడా ఆవిడే. ఏడాది లెక్కంతా ఒక్క పేజీలో, ఒక్క చూపులో కనబడుతుంది. చూసేవాడు ఏదీ నొక్కక్కర్లేదు. కాకపోతే అచ్చయిన క్షణం నుంచే కాగితం పాతబడుతుంది. ఉదయం పేపర్లో నీటిమట్టం రాత్రిదే.

ఆ లోటు కంప్యూటరు తీర్చింది. అయితే కొత్త చిక్కులూ తెచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు అక్షరాల పేరు 'గౌతమి'. మనది వసిష్ఠ పాయ అయినా పక్క పాయ పేరు చూసి మురిసిపోయాను. కానీ అచ్చులో అంగుళానికి వందలకొద్దీ చుక్కలు పడితే, అప్పటి తెరల మీద వంద కూడా ఉండేవి కావు. చిన్న సైజులో వత్తులు అలుక్కుపోయేవి. తెలుగుకి అక్షరం పెద్దదిగా, వరుసల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండాలని అప్పుడు నేర్చుకున్నాను.

అంతకన్నా పెద్ద పాఠం ఒక లస్కరు నేర్పాడు. నీటిమట్టాలు చూపే తెర ఒకటి నేను తయారుచేశాను. రంగురంగుల మ్యాపు, చుక్క మీద నొక్కితే చిన్న పెట్టె, అందులో మీటర్లలో లెక్క. నాకు భలే గర్వంగా ఉండేది. ఆయన కాసేపు చూసి, "బాగుందండి బాబుగారూ, నీళ్ళెంతున్నాయో ఎక్కడుందండి?" అన్నాడు. అడిగితే తప్ప చెప్పని తెర వరద రాత్రి ఎవరికి పనికొస్తుంది? మర్నాడే మార్చాను. పైన పెద్ద అక్షరాల్లో అడుగుల లెక్క, పక్కన పెరుగుతోందో తగ్గుతోందో చెప్పే బాణం. మ్యాపు ఆ కిందికి పోయింది.

కాగితం అడగకుండానే అన్నీ చెప్పాలి. తెర ముఖ్యమైన ఒక్కటి అడగకుండా చెప్పి, మిగతావి అడిగినప్పుడు చెప్పాలి. నాకు తెలిసిన సూత్రం ఇంతే.

అయితే వరదొస్తే కరెంటు పోతుంది, సెల్‌ఫోన్ చార్జింగు అయిపోతుంది. అప్పుడు మిగిలేది గోడ మీది కాగితమే. అందుకే ఈ సంచికలో కాస్త చోటు వాడుకుంటున్నాను. ఈ ముక్క కత్తిరించి గోడకి అంటించుకోండి, సంచిక పాడైందని ఎవరూ అనుకోరు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర:
మొదటి ప్రమాద హెచ్చరిక – 11.75 అడుగులు
రెండో హెచ్చరిక – 13.75 అడుగులు
మూడో హెచ్చరిక – 17.75 అడుగులు

భద్రాచలం దగ్గర ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. అక్కడ పెరిగిన నీరు ఆ తర్వాత మన దగ్గరికి రావలసిందే. మన బడి పిల్లలకి ఈ ఆరు అంకెలూ ఎక్కాల్లా నోటికి వచ్చేలా నేర్పుదాం.