గరిసె, గడ, గజం

1801లో కర్ణాటక నవాబు చేతి నుంచి ఉత్తర ఆర్కాటు సీమ ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. వేలూరు, గుడియాత్తం ఆ జిల్లాలోవే; జిల్లా కచేరీ మాత్రం 1911 దాకా చిత్తూరులోనే ఉండేది. పలమనేరు వైపు నుంచి వచ్చే కౌండిన్య నది గుడియాత్తం మీదుగా పాలారుకు చేరుతుంది. ఆ దారిలో తెలుగూ తమిళమూ కలిసి బతికాయి, కొలతలతో సహా. ఒకరి నోట పడి, మరక్కాలు. ఇంకొకరి నోట కుంచం, తూము, పుట్టి.

శిస్తు లెక్కకట్టాలన్నా, 1806 జూలై 10న సిపాయిలు తిరగబడిన వేలూరు కోటలాంటి చోట దండుకు తిండిగింజలు అందించాలన్నా కంపెనీకి నిలకడైన కొలత కావాలి. మద్రాసు పట్టిక ప్రకారం 8 పడులు ఒక మరక్కాలు, 400 మరక్కాళ్లు ఒక గరిసె. ఈ గరిసె మన ఇంటి మాట. రైతు వెదురుతో అల్లి, పేడమట్టితో మెత్తి, వడ్లు పోసుకునే గాదెకు అదే పేరు. ధాన్యం చుట్టూ కట్టిన దడి ధాన్యపు లెక్క అయింది. ఇంటి గరిసె ఒకరికి చిన్నది, ఒకరికి పెద్దది; పట్టికలోని గరిసె ఎప్పుడూ 3,200 పడులే. దొరల దస్త్రాలలో అది ‘గార్స్’ అయింది.

కళ్లంలో కొలత తీరు వేరు. కుంచం నింపి, అంచు మీద చెయ్యి ఆడించి, మొదటిదానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆ తర్వాతే ‘రెండు’ అనేవారు. అలా నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంత విత్తనం పట్టే చేనును పుట్టెడు నేల అనేవారు. అల్లిన తట్టలాంటి పడవ కూడా పుట్టే.

నేలను కొలిచింది కర్ర. చోళుల నాటి తమిళ శాసనాల్లో 16 జానల కోల కనిపిస్తుంది. తెలుగు శాసనాల్లో గడ. పడవవాడు ఏటి అడుగున ఊతం పెట్టి నెట్టేదీ గడే. ప్రాచీన ఆంగ్లంలోనూ ఇలాంటి వరసే ఉంది. ద్రాక్షతోట పేరులోని ‘యార్డు’ ఆవరణ అని అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. కొలకర్రకూ, తెరచాప వేలాడే అడ్డకొయ్యకూ ఉన్న ‘యార్డు’ మాత్రం కర్ర అని అర్థమిచ్చే మరో మాట నుంచి వచ్చింది. పుట్టుక వేరైన రెండు మాటలు కాలక్రమాన ఒకే రూపానికి వచ్చాయి. ఆవరణకు మనం అనే దొడ్డీ, కర్రకు అనే గడా అలా కలవలేదు. పొలంలోనూ ఏటిలోనూ ఒకే కర్ర పనిచేసిందనడానికి మనకు గడ ఇచ్చే సాక్ష్యం అందుకే మరింత తేటగా ఉంది.

ఆంగ్లేయుల యార్డు కొలతనే మనం గజమన్నాం: రెండు మూరలు, 36 అంగుళాలు. 1956 చట్టం మీటరును తెచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి కిలో తూకాలు మొదలై వీశ, మణుగు క్రమంగా తప్పుకున్నాయి. బట్ట మీటర్లకు మారింది గాని, వేలూరు అంగట్లో పూలమాలను ఇప్పటికీ మోచేతితో మూరలు వేసే అమ్ముతున్నారు.