నాచారం గదిలో జపాన్ ఆమ్లెట్ అన్నం, దాని వెనకాల ఉన్న చరిత్ర

జర పెద్ద పోస్టే, ఓపికతోటి చదవండి.

పోయిన ఆదివారం మా చెల్లె "అన్నా, ఒమురైసు చేద్దాం" అన్నది. కొరియా, జపాన్ సీరియళ్ళల్ల చూసింది. అన్నం మీద పసుపుపచ్చ దుప్పటి కప్పినట్టు ఉంటది. మాది ఏటూరునాగారం దిక్కు. చెల్లె ఉప్పల్‌ల పని చేస్తది, నేను పరీక్షలకు చదువుతున్న. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర హనుమకొండ బస్సు దిగిన మనోళ్ళు చాలామంది ఇక్కడిక్కడే నాచారం, మల్లాపూర్, హబ్సిగూడల్లో గదులు తీసుకుంటరు. మాది నాచారంల ఒక్క గది, ఒక్క పొయ్యి.

చేసుడు పెద్ద కష్టం కాదు. రాత్రి మిగిలిన అన్నమైతే ఇంకా మంచిది. ఉల్లిగడ్డ సన్నగ తరిగి నూనెల వేయించాలె. చికెన్ ఉంటే చిన్న ముక్కలు వేసి ఉడకనియ్యాలె. తర్వాత మూడు చెంచాల టమాట సాస్ వేసి కాసేపు మరగనియ్యాలె. సాస్‌ల నీళ్ళు ఇంకినంకనే అన్నం వేయాలె, లేకుంటే ముద్దముద్ద అయితది. ఉప్పు, మిరియాల పొడి చల్లి పక్కన పెట్టుకోవాలె. మనిషికి రెండు గుడ్లు, చెంచెడు పాలు, చిటికెడు ఉప్పు గిలక్కొట్టి, వెన్న కరిగిన వేడి పెనం మీద పోయాలె. మన ఆమ్లెట్ లెక్క ఎర్రగ కాలనియ్యొద్దు. అంచులు గట్టిపడి నడుమ ఇంకా తడిగ ఉన్నప్పుడే అన్నం పెట్టి, రెండు దిక్కుల మడిచి, పైన ప్లేటు బోర్లించి ఒక్కసారి తిప్పేయాలె. మాది మొదటిది చిరిగింది. రెండోది నిలబడ్డది.

చెల్లె ఫోటో స్టేటస్ పెట్టింది. "ఏ హోటల్?" అని అడిగినోళ్ళు ఎంతమందో. ఇదే చెల్లె ఇంటర్ చదివేటప్పుడు ఇంటి నుంచి వెదురు కొమ్ముల కూర తెస్తే పక్కమంచం పిల్లలు ముక్కు మూసుకున్నరు. ఆ డబ్బా మూత మళ్ళ తెరవకుండనే బయట పారబోసి వచ్చింది. ఆ సంగతి నాకు ఆ రాత్రే చెప్పింది. అందుకే ఈ జపాన్ వంట ఎక్కడిదో చదువుకుంటూ కూర్చున్న.

తీరా చూస్తే ఒమురైసు జపాన్ పాత వంట కానే కాదు. పేరే అతుకుల పేరు. ఆమ్లెట్, రైస్ అనే రెండు బయటి మాటలను కత్తిరించి కలిపారు. జపాన్‌లో క్రీ.శ. 675లోనే తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినొద్దని ఆజ్ఞ వేశాడు. మాంసం మీద ఆ పట్టింపు వందల ఏళ్ళు ఏదో ఒక రూపంలో నడిచింది. 1868లో మెయిజీ పాలన వచ్చాక కథ తిరగబడింది. తెల్లోళ్ళ ఓడలు, తుపాకులు చూసిన పాలకులు, వాళ్ళంత బలం రావాలంటే వాళ్ళ తిండి కూడా తినాలి అనుకున్నారు. 1872లో చక్రవర్తే గొడ్డుమాంసం తిన్నట్టు జనానికి తెలిసేలా చేశారు. అట్లా పుట్టిన పాశ్చాత్య పద్ధతి వంటలను అక్కడ 'యోషోకు' అంటారు. ఒమురైసు వాటిలో ఒకటి.

మొదట ఎవరు చేశారన్నదానికి రెండు హోటళ్ళ పేర్లు చెబుతారు. టోక్యో గింజా వీధిలో 1895లో పెట్టిన రెంగతెయ్ ఒకటి. రెంగ అంటే ఇటుక. 1872 అగ్నిప్రమాదం తర్వాత గింజాను ఇటుకలతో కట్టారు కదా, ఆ గుర్తు. అక్కడ 1900 ప్రాంతంలో పనోళ్ళు తొందరగా తినడానికి గుడ్డు, అన్నం కలిపి వండుకున్నారట. రెండోది ఒసాకాలోని హొక్క్యోకుసెయ్. కడుపు బాగాలేని ఒకాయన రోజూ వచ్చి ఆమ్లెట్, తెల్లన్నమే తింటుంటే, వంటాయన పాపం అనుకుని 1925లో టమాట అన్నాన్ని గుడ్డులో చుట్టి ఇచ్చాడని వాళ్ళ కథ. రెంగతెయ్‌ది గుడ్డు కలిపిన అన్నం, ఒసాకాది చుట్టిన అన్నం. మేము చేసింది ఒసాకా దానికే దగ్గర.

సాస్ సంగతి ఇంకోటి. ఐచి ప్రాంతపు రైతు కనియె ఇచితారో 1899లో టమాట సాగు మొదలుపెట్టాడు, 1908లో కెచప్ తయారుచేశాడు. కగోమే కంపెనీకి మూలం ఆయనే. టమాట మాత్రం జపాన్‌దీ కాదు, ఇంగ్లండ్‌దీ కాదు. మెక్సికో ఆదివాసుల నాహువాట్ల్ భాషలోని 'తోమాత్ల్' అన్న మాట నుంచే దాని పేరు వచ్చింది. తెలుగులో పాతకాలపోళ్ళు దాన్నే 'రామములగ' అన్నారు.

నేను ఆగిపోయింది ఆ 1899 దగ్గర. అదే సంవత్సరం జపాన్ ప్రభుత్వం ఇంకో పని చేసింది. ఉత్తరాన హొక్కైదోలో ఐనూలు అనే ఆదివాసులు ఉన్నారు. 1869లో ఆ నేలకు హొక్కైదో అని పేరు పెట్టి, బయటి రైతులను తెచ్చి దింపారు. ఐనూలు విషం పూసిన బాణాలతో జింకలను వేటాడేవాళ్ళు, 1876లో దాన్ని నిషేధించారు. సాల్మన్ చేపను వాళ్ళు 'కముయ్ చెప్' అంటారు, అంటే దేవుడి చేప. వాళ్ళ నదుల్లోనే వాళ్ళు ఆ చేప పట్టకుండా ఒక్కో నది మీద ఆంక్షలు వచ్చాయి. చివరికి 1899లో 'హొక్కైదో మాజీ ఆదిమవాసుల రక్షణ చట్టం' తెచ్చారు. ఇంటికి 5 హెక్టార్ల వరకు భూమి ఇస్తాం, వ్యవసాయం చేయండి, 15 ఏళ్ళలో సాగులోకి తేకపోతే తిరిగి తీసుకుంటాం అన్నారు. మంచి నేలలు అప్పటికే బయటోళ్ళ చేతికి పోయినయి. రక్షణ అనే మాట మనం కూడా ఎన్నోసార్లు విన్నదే కదా.

ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. టోక్యో పెద్దమనిషి కొత్త తిండి కావాలని ఎంచుకున్నాడు. ఐనూ మనిషి తిండిని చట్టం మార్చింది. ఇద్దరూ "ఆధునికం" అయినట్టే లెక్క. కానీ ఒకడు హోటల్‌కు పోయి తిన్నాడు, ఇంకొకడు తన వాగులో చేప పట్టి దొంగ అయ్యాడు.

ఈ గ్రూపులో చదువుకునేటోళ్ళు తెలుసుకోవాల్సిన పేరు ఒకటుంది, చిరి యుకియే. 1903లో పుట్టిన ఐనూ అమ్మాయి. నాయనమ్మ, అమ్మమ్మలు చెప్పుకునే దేవుళ్ళ పాటలను ఐనూ భాషలోనే రాసిపెట్టి, జపనీసులోకి కూడా మార్చింది. ఆ పని కోసమే 1922లో టోక్యో వచ్చింది. గుండె జబ్బు మనిషి. రాతప్రతి దిద్దడం పూర్తయిన రోజే చనిపోయింది. అప్పటికి 19 ఏళ్ళు. పుస్తకం 1923లో అచ్చయింది. 1899 చట్టం పోవడానికి మాత్రం 1997 దాకా పట్టింది. ఐనూలు ఆ దేశపు ఆదివాసులే అని చట్టంలో రాసింది 2019లో.

ఇక మన దిక్కు. నాచారంలో ఎన్టీఆర్ స్టూడియో ఉన్న సంగతి తెలిసిందే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. మా అవ్వకు తెల్లన్నం అంటే అంతకుముందు పండుగ తిండి. రోజూ జొన్న గట్కనో, సామల బువ్వనో. ఆ బియ్యం ఎన్ని ఇండ్లల్ల ఆకలి తీర్చిందో నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ మా చేన్ల సామలు ఎప్పుడు ఆగిపోయినయో అవ్వకు కూడా గుర్తులేదు. కొత్తల పండుగకు ఇప్పుడు పిడికెడు సామలు వేరే ఊరి నుంచి తెచ్చుకుంటం.

నవ్వొచ్చే సంగతి ఇంకోటి చదివిన. మనం వండిన బీపీటీ 5204 బియ్యం 1986లో బాపట్ల నుంచి వచ్చిన రకం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మలేసియా నుంచి వచ్చిన మషూరి. ఆ మషూరికి ఒక పక్క తైచుంగ్ 65, అంటే జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో జపాన్ వరి రకాల నుంచి తీసినది. అంటే జపాన్ వరి మన గిన్నెలోకి ఎప్పుడో వచ్చి కూర్చున్నది, చెల్లె కొత్తగ తెచ్చింది లేదు.

గుడ్డుది ఇంకా పాత కథ. ఇంటికోడి పుట్టింది ఎర్ర అడవికోడి నుంచి. థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట సుమారు 3,500 ఏళ్ళ నాటి కోడి ఎముకలు దొరికాయి. మెట్ట వరి, చిరుధాన్యాలు పండించేవాళ్ళ గింజలకు ఆశపడి అడవికోడి ఊరి దగ్గరికి చేరిందని 2022లో పరిశోధకులు రాశారు. అది చదివినప్పుడు నాకు మా పోడు చేనే కనిపించింది. గింజలు చల్లిన పొద్దు అడవికోళ్ళు చేను అంచుకు వచ్చుడు మీలో చాలామంది చూసే ఉంటరు.

మొన్న మళ్ళ చేసినం, ఈసారి సామలతోటి. సామలు పొడిపొడిగ ఉంటయి, మడిస్తే జారిపోతయి, అందుకే కొంచెం నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగ వండాలె. లోపల వెదురు కొమ్ములు సన్నగ తరిగి వేసినం. గుడ్డు ఒక దిక్కు చిరిగింది. చెల్లె ఆ చిరిగిందాన్నే డబ్బాల పెట్టుకొని ఆఫీసుకు పోయింది.

మీ ఇండ్లల్ల 2 రూపాయల బియ్యానికి ముందు రోజూ ఏం వండేటోళ్ళు? కోయ, గోండు, లంబాడ, కొండరెడ్డి, నాయకపోడు, ఎవరైనా సరే, అవ్వలను అడిగి ఆ తిండి పేరు మీ భాషలోనే రాయండి. మా అవ్వ చెప్పిన 11 పేర్లు నా దగ్గర ఉన్నయి, వచ్చే వారం పెడత.