కెనెమా ఆసుపత్రికి అందని డబ్బు

2014 నవంబరులో ఒకరోజు పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో, కెనెమా ప్రభుత్వాసుపత్రి ముందు 15 శవాలు పడి ఉన్నాయి. ఒకటి మేనేజరు గది బయట, రెండు గేటు దగ్గర. ఎబోలా రోజుల్లో శవాలను పూడ్చే పనివాళ్లే వాటినలా వదిలేశారు. అక్టోబరు, నవంబరు నెలలకు ఇస్తామన్న ప్రమాద భత్యం వాళ్ల చేతికి రాలేదు. శవాల పట్ల అమానుషంగా ప్రవర్తించారంటూ ప్రభుత్వం వాళ్లను పనిలోంచి తీసేసింది.

ఆ ఆసుపత్రి అనామకమైనది కాదు. ఎలుకల వల్ల సోకే లాసా జ్వరానికి అక్కడ ప్రత్యేక వార్డు ఉండేది. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన డాక్టర్ అనిరు కాంటే, రోగికి వైద్యం చేస్తుండగా సూది గుచ్చుకుని, 2004లో అదే జ్వరంతో కన్నుమూశారు. ఆయన తర్వాత షేక్ ఉమర్ ఖాన్ ఆ బాధ్యత తీసుకున్నారు. విదేశీ పరిశోధన గ్రాంట్ల తోడ్పాటుతో ఆసుపత్రి ల్యాబు బాగా ఎదిగింది. 2014 మే నెలలో దేశంలోని తొలి ఎబోలా కేసును నిర్ధారించింది ఆ ల్యాబే. జబ్బును పట్టుకునే యంత్రానికి డబ్బు పుట్టింది గానీ, రోగి పక్కన నిలబడే నర్సుకు పుట్టలేదు. జూలైలో ఎబోలా సోకి సీనియర్ నర్సు ఎంబాలు ఫోనీ, ఆ తర్వాత కొద్దిరోజులకే డాక్టర్ ఖాన్ చనిపోయారు. ప్రమాద భత్యం ఆగిపోయిందంటూ ఆగస్టు చివర్లో మిగిలిన సిబ్బంది సమ్మెకు దిగారు.

ప్రభుత్వ ఖజానా అప్పటికే బలహీనంగా ఉంది. 2010 ఏప్రిల్‌లో గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం వైద్యం ఉచితం చేసింది. ఎంతో మంచి నిర్ణయం అది. కానీ దానికోసం వైద్య సిబ్బందికి పెంచిన జీతాల్లో పెద్ద వాటా విదేశీ దాతల మీదే ఆధారపడింది. 2014లో ఇనుప ఖనిజం ధర పడిపోయి, పెద్ద గని కంపెనీలు ఒకటొకటిగా కూలడంతో రాబడి కూడా తగ్గింది.

సహాయం రాలేదని కాదు. ఎబోలా దేశాలకు దాదాపు 100 కోట్ల డాలర్లు కావాలని ఐక్యరాజ్య సమితి సెప్టెంబరులోనే పిలుపునిచ్చింది. డబ్బు వచ్చింది, కింది దాకా చేరలేదు. ఎబోలా తొలి నెలల ఖర్చులను తనిఖీ చేసిన ఆడిటర్ జనరల్, 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో, దాదాపు మూడో వంతుకు సరైన కాగితాలు లేవని తేల్చారు.

మార్గం లేకపోలేదు. 2014 డిసెంబరు నుంచి ఎబోలా సిబ్బందికి నోట్ల కట్టలకు బదులు మొబైల్ ఫోన్ ఖాతాల్లో డబ్బు వేయడం మొదలుపెట్టారు. అంతకుముందు నెల దాటిపోయే చెల్లింపు వారంలో పూర్తవసాగింది. సమ్మెలు దాదాపు ఆగిపోయాయి. శవాలను వదిలేసి వెళ్లిన మనుషుల కంటే, వాళ్లకు కూలి చేర్చలేని ఏర్పాటే పెద్ద దోషి అని దీన్నిబట్టి ఒప్పుకోవాలి.

ఆ పాఠం మాత్రం నిలవలేదు. 2020 మార్చి 31న దేశంలో తొలి కోవిడ్ కేసు బయటపడింది. మూడు నెలలు తిరిగి జూలై వచ్చేసరికి, కోవిడ్ రోగులను చూస్తున్న డాక్టర్లు అదే ప్రమాద భత్యం కోసం సమ్మె చేశారు.