సిబ్బంది శిక్షణ: సెయింట్ జార్జి కోట కళాశాల నుంచి గుంటూరు కచేరీ దాకా

ఈ పాఠ్యభాగం చదువుతున్న మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక ఉద్యోగంలో ఉన్నవారే. బ్యాంకులోనో, మండల కార్యాలయంలోనో, చిన్న కర్మాగారంలోనో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు చదువుకుంటున్నారు. "సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి" అనే మాట మీరు తరచూ వినే ఉంటారు. పని చెడినప్పుడల్లా పై అధికారులకు ముందుగా తోచే మందు అదే. ఆ మందు ఏ జబ్బుకు పనిచేస్తుంది, దేనికి పనిచేయదు అన్నదే ఈ వ్యాసంలో మనం చర్చించే విషయం. ఇందుకు మన ప్రాంత చరిత్ర నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు తెలుగు నేర్పించిన ఉదంతం అది.

1. సమస్య స్వరూపం

18వ శతాబ్ది చివరికి కంపెనీ కేవలం వ్యాపార సంస్థగా మిగలలేదు. పన్నులు వసూలు చేసే, తగవులు తీర్చే ప్రభుత్వంగా మారింది. ఉత్తర సర్కారులు, ఆ తరువాత 1800లో దత్తమండలాలు దాని చేతికి వచ్చాయి. ఈ జిల్లాలను నడపడానికి ఇంగ్లండు నుంచి వచ్చినవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు కూడా నిండని యువకులు. రైతు చెప్పే మాట వారికి అర్థం కాదు. దుబాసీ చెప్పిందే వినాలి, శిరస్తాదారు చూపిన కాగితం మీదే సంతకం పెట్టాలి. అంటే అధికారం ఒకరి దగ్గర, తెలివిడి మరొకరి దగ్గర ఉండిపోయాయి. ఈ మాటను గుర్తుంచుకోండి. వ్యాసం చివరిలో మళ్లీ దీని అవసరం వస్తుంది.

2. ఏది ఎక్కడ నేర్పాలి?

గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలను స్థాపించాడు. మూడు ప్రెసిడెన్సీల యువ ఉద్యోగులనూ అక్కడికే రప్పించి భాషలు, చట్టం, చరిత్ర అన్నీ నేర్పించాలని ఆయన ఆలోచన. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఇంత పెద్ద పథకానికి ఒప్పుకోలేదు. సాధారణ విద్య కోసం 1806లో ఇంగ్లండులోనే వేరే కళాశాలను ప్రారంభించారు. 1809లో అది హెయిలీబరీకి మారింది. మద్రాసు ప్రెసిడెన్సీ మాత్రం తన అవసరాలకు తగినట్టు 1812లో సెయింట్ జార్జి కోట కళాశాలను ఏర్పాటు చేసుకుంది. దీనికి ముఖ్య ప్రేరకుడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్.

ఈ ఏర్పాటులోని విభజనను గమనించండి. అందరికీ ఉమ్మడిగా కావలసిన విద్య ఒకచోట, పనికి నేరుగా కావలసిన నైపుణ్యం పని జరిగే ప్రాంతానికి దగ్గరలో. నేటి సంస్థలకూ ఇది వర్తిస్తుంది. సంస్థ నియమాలు, సాధారణ పరిజ్ఞానం కేంద్ర కార్యాలయంలో నేర్పవచ్చు. కౌంటరు దగ్గర కూర్చుని ఖాతాదారుతో మాట్లాడే పద్ధతి మాత్రం ఆ కౌంటరు దగ్గరే నేర్పాలి.

3. బోధకులు, పాఠ్యసామగ్రి

తెలుగు నేర్పడానికి కళాశాల పండితులను నియమించింది. నేర్పడానికి తగిన వచన గ్రంథాలు అప్పటికి చాలా తక్కువ. అందుకే కళాశాల పండితుడు రావిపాటి గురుమూర్తి శాస్త్రి విక్రమార్కుని కథలను వచనంలో రాశాడు. ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించాడు. ఎల్లిస్ దానికి రాసిన పరిచయంలోనే దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వేరే కుటుంబానికి చెందినవని నిరూపించాడు. క్యాంప్‌బెల్ 1821లో తెచ్చిన నిఘంటువుకు ఆధారం మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య అంతకుముందే కూర్చిన ఆంధ్రదీపిక. శిక్షణకు కావలసిన జ్ఞానం చాలాసార్లు మన చుట్టుపక్కలే ఉంటుందని ఇది చెబుతుంది. బయటి నిపుణులను పిలిచే ముందు మీ కార్యాలయంలో ఆ పని బాగా తెలిసినవారు ఎవరో వెతకండి. వారి చేత రాయించండి. రాసినవారి పేరు పెట్టండి.

అయితే కథల పుస్తకం చదవగలిగినవాడు రైతు ఇచ్చిన అర్జీని చదవగలడని చెప్పలేం. 1817లో మద్రాసు చేరి, ఈ కళాశాలలో చదివి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్ ఈ తేడాను బాగా గ్రహించాడు. ఆయన 1852లో ప్రచురించిన తెలుగు వాచకంలో ఉన్నవి సొంత ఉత్తరాలు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాలకు సంబంధించిన కాగితాలు. అంటే ఉద్యోగి బల్ల మీదికి రోజూ వచ్చే కాగితమే పాఠమైంది. మీరు శిక్షణ తరగతి నిర్వహించవలసి వస్తే పుస్తకంలోని ఉదాహరణలకు ముందు గత నెలలో మీ కార్యాలయంలో తప్పుపోయిన పది దస్త్రాలను తీసుకోండి. అంతకన్నా మంచి పాఠం దొరకదు.

4. పరీక్ష, ప్రోత్సాహకం

కళాశాలలో భాషా ప్రగతిని పరీక్షించేవారు. ప్రగతిని బట్టి భత్యం పెరిగేది. మంచి ప్రావీణ్యం చూపినవారికి నగదు బహుమానం ఉండేది. నేర్చుకున్నందుకు లాభం ఉందని స్పష్టంగా తెలిస్తేనే చాలామంది నేర్చుకుంటారు. శిక్షణకు వెళ్లినవారికీ వెళ్లనివారికీ తేడా చూపని సంస్థలో శిక్షణ సెలవు దినంలా మారిపోతుంది.

5. శిక్షణకు అందని సమస్య: గుంటూరు

ఇంతవరకు చూసింది శిక్షణ విజయం. ఇక దాని పరిమితిని చూద్దాం. కళాశాల మొదలైన మూడు దశాబ్దాల తరువాత కూడా గుంటూరు జిల్లా పాలన అస్తవ్యస్తంగానే ఉంది. 1832-33 నాటి కరువు జిల్లాను కుంగదీసింది. శిస్తు బకాయిలు పెరిగాయి. 1840లలో విచారణకు వాల్టర్ ఇలియట్‌ను పంపారు. అమరావతి శిల్పాలను తవ్వించిన ఇలియట్ ఈయనే. గ్రామ లెక్కలు కరణాల గుప్పిట్లో, జిల్లా లెక్కలు కచేరీ ఉద్యోగుల గుప్పిట్లో ఉన్నాయి. కలెక్టర్లు వస్తూ పోతూ ఉన్నా, కచేరీలో బంధుబలం ఉన్న ఉద్యోగ కుటుంబాలు మాత్రం నిలిచి ఉన్నాయి. చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర ఈ పరిస్థితిని వివరంగా చూపింది.

భాష వచ్చినంత మాత్రాన ఇది సరికాలేదు. ఎందుకని? మొదట గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వద్దాం. కంపెనీ తెలివిడిని కొంత పైకి తెచ్చింది గాని, అధికారాన్ని కిందికి ఇవ్వలేదు. పెద్ద జీతాల ఉద్యోగాలు భారతీయులకు అందకుండా చేసింది. కలెక్టరుకు తెలుగు నేర్పిన పండితుడు ఎంత చదివినా కలెక్టరు కాలేడు. జిల్లా అంతా తెలిసిన శిరస్తాదారుకు పైకి వెళ్లే దారి లేదు. పైకి దారి లేనివాడు ఉన్నచోటనే బలం కూడగట్టుకుంటాడని, గుంటూరులో జరిగింది చాలావరకు అదేనని నా అభిప్రాయం. నష్టం మాత్రం కలెక్టరుకూ శిరస్తాదారుకూ కాదు, శిస్తు కట్టిన రైతుకే.

6. మీ కార్యాలయానికి అన్వయం

పై చర్చ నుంచి మీరు వెంటనే ఆచరించదగిన అంశాలు ఇవి:

అ) ఒక ఉద్యోగి పని సరిగా చేయనప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. తెలియక చేయడం లేదా? ఇష్టం లేక చేయడం లేదా? వీలులేక చేయడం లేదా? మొదటిదానికే శిక్షణ మందు. రెండవదానికి గుర్తింపు, పదోన్నతి, న్యాయమైన పనివిభజన కావాలి. మూడవదానికి పనిముట్లు, సమయం, పై అధికారి సహకారం కావాలి.

ఆ) ఒక్కరికే తెలిసిన పనుల జాబితా రాయండి. ప్రతి పనిని రెండవ వ్యక్తికి నేర్పించండి. ఆ ఒక్కరిని అనుమానించినట్టు కాకుండా గురువు స్థానంలో కూర్చోబెట్టి ఆ పని చేయండి.

ఇ) శిక్షణ నుంచి తిరిగి వచ్చినవారికి మొదటి నెలలోనే ఆ నైపుణ్యం అవసరమయ్యే పని అప్పగించండి. "ఇక్కడ పాత పద్ధతే" అనే మాట వినిపిస్తే నేర్చుకున్నది నిలవదు.

ఈ) పని ఎక్కువగా ఉండే రోజుల్లో శిక్షణ పెట్టకండి. తిరిగి వచ్చేసరికి బల్ల మీద పేరుకున్న కాగితాలు నేర్చుకున్నదాన్ని మరిపిస్తాయి.

ఉ) శిక్షకులకు ఎదిగే దారి చూపండి. నేర్పేవాడు ఎప్పటికీ కిందే ఉండే సంస్థలో నేర్పడానికి ఎవరూ ముందుకు రారు.

7. సారాంశం

సెయింట్ జార్జి కోట కళాశాల భాష తెలియని ఉద్యోగికి భాష నేర్పగలిగింది. ఆ ప్రయత్నం వల్ల తెలుగుకు వ్యాకరణాలు, నిఘంటువులు, వచన గ్రంథాలు దక్కాయి. అయితే తెలిసినవారిని ఎదగనివ్వని పాలనను అది మార్చలేకపోయింది. తెలియనితనాన్ని శిక్షణ తొలగిస్తుంది. అన్యాయమైన ఏర్పాటును ఎంత శిక్షణ ఇచ్చినా కప్పిపుచ్చలేం.

అభ్యాసం: మీరు పనిచేసే చోట ఇటీవల జరిగిన ఒక శిక్షణ కార్యక్రమాన్ని తీసుకోండి. అది తెలియనితనాన్ని తీర్చడానికి పెట్టినదా, లేక మరో లోపానికి బదులుగా పెట్టినదా? పైన చెప్పిన మూడు ప్రశ్నల ఆధారంగా ఒక పుటకు మించకుండా రాయండి.